కిట్టు కొనడం ఆఖరి పని

డ్రమ్స్ నేర్చుకుంటామని పిలకాయలు అడిగితే మన ఇళ్లలో మొదట జరిగే పని డ్రమ్స్ కొనడం. ముప్పై నలభై వేలు పోసి ఐదు డ్రమ్ముల కిట్టు తెప్పిస్తారు. ముందు గదిలో బిగిస్తారు. ఇరుగుపొరుగు ఒక నెల ఓర్చుకుంటారు. రెండో నెలకో మూడో నెలకో దాని మీద దుప్పటి పడుతుంది. వాడికి ఆసక్తి తగ్గిందని పెద్దవాళ్లు అనుకుంటారు. అలా మానేసిన పిల్లలను ఒక్క నిమిషం పాటు చప్పట్లతో తాళం వేయమని అడిగితే అసలు కారణం తెలుస్తుంది. తాళం పరుగెత్తుతుంది, మళ్లీ సాగిపోతుంది. ఏ పనికి ముందు ఏ పని చేయాలో వాళ్లకెవరూ చెప్పలేదు.

నేను వాదించేది ఆ వరుస గురించే. ముందు నోరు, తర్వాత చేతులు, తర్వాత కాళ్లు, ఇవన్నీ ఒక దారికి వచ్చాక కిట్టు. ఆరో నెలకు ముందు కిట్టు కొనడం దండగ. మొదటి రోజు కావలసింది ఒక జత స్టిక్స్, ఒక ప్రాక్టీస్ ప్యాడ్ (డ్రమ్ముకు బదులు వాయించే రబ్బరు పలక), ఫోన్‌లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ యాప్ (సమాన వేగంతో టిక్కు టిక్కుమనేది), చేతులు లేని స్టూలు. అన్నీ కలిపి సుమారు రెండు మూడు వేలలో తేలిపోతాయి.

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండేవాళ్లకు ఈ వరుస ఇంకో కారణానికి కూడా పనికొస్తుంది. ఇక్కడ డ్రమ్స్ ఒక్కటే నేర్పే మాస్టార్లు తక్కువ. నెల్లూరులో, ఒంగోలులో కీబోర్డు, గిటార్ క్లాసుల పక్కనే డ్రమ్స్ కూడా చెప్పేవాళ్లు దొరుకుతారు. కావలి, కందుకూరు, కనిగిరి, మార్కాపురం వైపు అదీ కష్టమే. అందుకని చాలామంది మాస్టారు దొరికాక చూద్దామని ఏళ్లకేళ్లు ఆగిపోతారు. కానీ మొదటి మెట్టుకు కావలసింది లయ నేర్పే మనిషి. మృదంగం మాస్టారో, గుళ్లోనూ పెళ్లిళ్లలోనూ సన్నాయి పక్కన డోలు వాయించే విద్వాంసుడో ఆ పని డ్రమ్స్ మాస్టారి కన్నా బాగా చేయగలరు. ఒంగోలు పక్కనున్న కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. నాదస్వరం ఉన్నచోట డోలు ఉండి తీరుతుంది. ఇంత లయ పక్కనే పెట్టుకుని మాస్టారు లేడని ఆగిపోవడం నాకు బాధనిపిస్తుంది.

నోటి పని ఎలా చేయాలో చెబుతాను. మెట్రోనోమ్‌ను 60 మీద పెట్టండి, అంటే సెకనుకు ఒక టిక్కు. ప్రతి టిక్కుకూ ఒక చప్పట్టు. ఒక్కో చప్పట్టుకు ‘తకధిమి’ అని నాలుగు అక్షరాలు సమానంగా, పైకి వినబడేలా పలకాలి. రెండు నిమిషాలు ఆపకుండా. తర్వాత అదే చప్పట్టుకు ‘తకిట’ అని మూడు అక్షరాలు. అది కూడా రెండు నిమిషాలు. ఇంతవరకు అందరికీ వస్తుంది. అసలు పరీక్ష మారేటప్పుడు. నాలుగు చప్పట్లు తకధిమి, నాలుగు చప్పట్లు తకిట, మళ్లీ తకధిమి, ఇలా మార్చుకుంటూ పోవాలి. చప్పట్టు మాత్రం టిక్కును వదిలి వెంట్రుకవాసి కూడా జరగకూడదు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒకే రకమైన తప్పు వస్తుంది. నాలుగు నుంచి మూడుకు మారేటప్పుడు అక్షరాల వేగం అలాగే ఉంచేస్తారు, దాంతో మూడు అక్షరాలు తొందరగా అయిపోయి చప్పట్టు ముందుకొస్తుంది. తిరిగి నాలుగుకు వచ్చేటప్పుడు చప్పట్టు వెనకబడుతుంది. మార్చాల్సింది అక్షరం నిడివిని, చప్పట్టును కాదు. తకిటలో ప్రతి అక్షరాన్నీ కాస్త సాగదీసి పలికితే రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. ఇది కుదిరినవాడు తర్వాత పాట మధ్యలో ఎంత గందరగోళం జరిగినా బీటు వదలడు. ఖండానికి (ఐదు అక్షరాలు) ‘తకతకిట’, మిశ్రానికి (ఏడు) ‘తకిట తకధిమి’ కూడా నేర్చుకుంటే మంచిదే కానీ మొదటి ఆరు నెలలకు చతురశ్రం (నాలుగు), తిశ్రం (మూడు) చాలు. సినిమా పాట, చర్చి పాట, భజన ఏది తీసుకున్నా ఎక్కువ భాగం ఈ రెండింట్లోనే నడుస్తుంది.

డ్రమ్స్ పుస్తకాల్లో ఒక టిక్కును నాలుగు భాగాలు చేసే ‘వన్ ఈ అండ్ ఆ’ అనే లెక్క ఉంటుంది. నొటేషన్ చదవాలంటే అదీ తెలియాలి, రెండో మూడో నెలలో నేర్పవచ్చు. కానీ పదేళ్ల పిల్లాడి నాలుక మీద తకధిమి తిరిగినంత తేలిగ్గా అది తిరగదు. వేగం పెంచినప్పుడు తేడా బాగా తెలుస్తుంది. పైగా మన పిల్లలకు తిశ్రం ఒంట్లోనే ఉంది. పోలేరమ్మ తిరునాళ్లలో, పీర్ల పండగలో డప్పు మోగితే నేర్పకుండానే కాలు కదుపుతారు. ఆ కదలికకు పేరు పెట్టి లెక్క కట్టి చేతికిస్తే సరిపోతుంది. అది వదిలేసి మొదటి క్లాసులోనే రాక్ బీటు ఎక్కించే పద్ధతి నాకు నచ్చదు.

ఇక చేతులు. స్టిక్స్ కొనేటప్పుడు 5ఏ సైజు అడగండి. పొడవు 16 అంగుళాలు, మందం 14 మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 7ఏ నయం, సన్నగా అర అంగుళం పొట్టిగా ఉంటుంది. హికరీ చెక్కతో చేసినవి దెబ్బను తట్టుకుంటాయి. చెక్క పేరు రాయకుండా అమ్మే చవక జతలు స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్ము) అంచుకు తగిలి నెలలోనే పీచులు లేస్తాయి. కొట్లో గాజు కౌంటరు మీద ఒక్కో స్టిక్కునూ దొర్లించి చూడాలి. వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కౌంటరు అంచుకు మెల్లగా తట్టి వినండి, ఒకే శ్రుతిలో మోగితే బరువు దాదాపు కలిసినట్టే. ఒకటి బరువు ఒకటి తేలికైతే కొత్తవాడు తన ఎడమ చెయ్యి చెడ్డదనుకుంటాడు, తప్పు చెక్కది.

ప్యాడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వడ్రంగి పని తెలిసినవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. పన్నెండు అంగుళాల చదరం ప్లైవుడ్, 18 మిల్లీమీటర్ల మందంది. దాని మీద 6 మిల్లీమీటర్ల మెత్తని గమ్ రబ్బరు షీటు, రబ్బరు అంటించే జిగురుతో. జిగురు రెండు వైపులా పూసి పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు అంటించాలి, తడి మీద అంటిస్తే మధ్యలో గాలి బుడగ మిగిలి అక్కడ స్టిక్కు చచ్చుగా పడుతుంది. అడుగున జారకుండా రబ్బరు ముక్కలు. దిండు మీద, పరుపు మీద మాత్రం మొదలుపెట్టకండి. దిండు కర్రను తిరిగి లేపదు. అప్పుడు ప్రతి దెబ్బనూ చెయ్యే లేపాలి, మొదటి వారంలోనే మణికట్టు బిగుసుకోవడం అలవాటవుతుంది.

డ్రమ్స్ పని సగం ఆ తిరిగి లేవడంలోనే ఉంది. స్టిక్కును బొటనవేలు, చూపుడు వేలి మొదటి కణుపు మధ్య పట్టుకోండి, లావు కొస వైపు నుంచి సుమారు ఐదు అంగుళాల దగ్గర. మిగతా మూడు వేళ్లూ తాకీ తాకనట్టు ఉండాలి. ఇప్పుడు కొనను ఎత్తి ప్యాడ్ మీదికి వదిలేసి ఎన్నిసార్లు ఎగిరిందో లెక్కపెట్టండి. పట్టును అర అంగుళం ముందుకూ వెనక్కూ జరిపి మళ్లీ చూడండి. ఎక్కడ పట్టుకుంటే ఎక్కువసార్లు ఎగురుతుందో అదే మీ స్టిక్కుకు సరైన చోటు, పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అరచేతులు నేల వైపు చూడాలి. రెండు స్టిక్కుల కొనలూ ప్యాడ్ నడిమధ్యన దగ్గర దగ్గరగా, రెండు అంగుళాల లోపు పడాలి. మోచేతులు ఒంటికి అతుక్కోకుండా, రెక్కల్లా విప్పుకోకుండా మామూలుగా వేలాడాలి.

చూపుడు వేలు స్టిక్కు వెంబడి ముందుకు చాపడం కొత్తవాళ్లందరికీ వచ్చే అలవాటు. అలా చాపితే పట్టు బలహీనమై దాన్ని సరిచేయడానికి అరచెయ్యి మొత్తం నొక్కేస్తుంది. రెండో తప్పు భుజం నుంచి కొట్టడం. మొదటి నెలలో దెబ్బ మణికట్టు నుంచే రావాలి, కొన ప్యాడ్ నుంచి ఆరేడు అంగుళాలు లేస్తే చాలు. బొటనవేలి లోపలి వైపు బొబ్బ లేచిందంటే మీరు కర్రను నొక్కుతున్నారు. దానికి టేపు చుట్టుకుని ముందుకు పోవడం కన్నా వేగం తగ్గించి పట్టు వదులు చేయడం మందు. ముంజేతిలో పట్టేసినట్టు నొప్పి వస్తే ఆ పూట ఆపేయాలి. నొప్పిని ఓర్చుకుని వాయిస్తే చెయ్యి బలపడుతుందనే మాట తప్పు, ప్రమాదం కూడా.

మన ఎండల్లో ఇంకో ఇబ్బంది ఉంది. మే నెలలో నెల్లూరులో ఫ్యాను కింద కూర్చున్నా అరచేతులు చెమటపడతాయి. వార్నిష్ పూసిన స్టిక్కు జారుతుంది, జారుతుందని నొక్కుతారు, నొక్కితే బొబ్బ. పట్టుకునే చోట వార్నిష్‌ను సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది తీసేస్తే చెక్క చెమటను కొంత పీల్చుకుంటుంది. పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి. పౌడరు రాయకండి, ఇంకా జారుతుంది.

ఎడమ చేతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అన్నం తినడం, డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం, అక్షింతలు వేయడం అన్నీ కుడిచేతితోనే. పుట్టినప్పటి నుంచి ఎడమచేతికి మనం పనే చెప్పలేదు. అది ఆర్నెల్లలో కుడిచేతితో సమానం కావాలంటే దానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. రోజూ మొదటి ఐదు నిమిషాలు ఎడమచేతితో ఒక్కదానితోనే, టిక్కుకు రెండు దెబ్బలు. అద్దం ముందు కూర్చుని రెండు చేతుల ఎత్తూ కోణమూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఎడమచేతి వాటం పిల్లలకైతే నా సలహా వేరు. మన దగ్గర ఎక్కడ కిట్టు దొరికినా కుడిచేతివాళ్లకు అమర్చి ఉంటుంది, మీకోసం ప్రతిసారీ తిప్పి పెట్టరు. కాబట్టి అమరిక అలాగే ఉంచి, చేతులు దాటించకుండా ఎడమచేతితోనే హై-హ్యాట్ (ఎడమ పక్క స్టాండు మీద ఉండే జంట తాళాలు) వాయించడం అలవాటు చేసుకుంటే ఎక్కడైనా కూర్చోగలరు.

డ్రమ్స్‌లో రూడిమెంట్స్ అనే మూల పాఠాలు ఉన్నాయి. అమెరికాలోని తాళవాద్యకారుల సంఘం పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖరారు చేసిన జాబితాలో 40 ఉన్నాయి. నలభైనీ గోడకు అంటించుకుని బెదిరిపోవద్దు. ఆరు నెలలకు నాలుగు చాలు. సింగిల్ స్ట్రోక్: కుడి, ఎడమ, కుడి, ఎడమ. డబుల్ స్ట్రోక్: కుడి కుడి, ఎడమ ఎడమ. పారడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ఫ్లామ్: ఒక చెయ్యి చిన్న దెబ్బ, వెంటనే రెండో చెయ్యి పెద్ద దెబ్బ, రెండూ కలిసి ఒకే లావు మోతగా వినిపించాలి. అన్నింటినీ నోటితో తకధిమి అంటూనే వాయించాలి. నోరు ఆగిందంటే చెయ్యి తప్పబోతోందని గుర్తు.

సింగిల్ స్ట్రోక్‌తో తకిట వాయించినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి టిక్కు కుడిచేతి మీద పడితే రెండోది ఎడమచేతి మీద పడుతుంది. కుడి ఎడమ కుడి, ఎడమ కుడి ఎడమ. బేసి లెక్క కదా. అందుకే తిశ్రం ఎడమచేతిని దాచుకోనివ్వదు, దాన్ని రోజూ వాయించమనడం అందుకే. డబుల్ స్ట్రోక్‌లో రెండో దెబ్బ నీరసంగా పడటం అందరి సమస్య. మొదటి దెబ్బను మణికట్టు కొడితే, రెండోది బౌన్స్ మీద వస్తుంది. ఆ బౌన్స్‌ను వెనక మూడు వేళ్లు లోపలికి మూసి పట్టుకోవాలి. వేళ్లు పని చేయకపోతే రెండో దెబ్బ దానంతటది రాలిపోతుంది. పారడిడిల్‌కు పరీక్ష ఇది: ఇంట్లో ఎవరినైనా కళ్లు మూసుకుని వినమనండి. సింగిల్‌కూ పారడిడిల్‌కూ తేడా వాళ్లు పట్టుకోలేకపోతే మీ చేతులు సమానమైనట్టు.

మెట్రోనోమ్‌తో వాయించేటప్పుడు టిక్కు బాగా వినిపిస్తోందంటే సంతోషించకండి. మీ దెబ్బ సరిగ్గా దాని మీదే పడినప్పుడు టిక్కు దెబ్బ కింద మునిగిపోతుంది. విడిగా వినిపిస్తే మీరు ముందో వెనకో ఉన్నారు. నెమ్మదిగా వాయించడం వేగం కన్నా కష్టం. 40 మీద పెడితే టిక్కుకూ టిక్కుకూ మధ్య సెకనున్నర ఖాళీ, ఆ ఖాళీలో కొత్తవాడు తప్పకుండా ముందుకు దూకుతాడు. 60 దగ్గర వరసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చాకే 64కు వెళ్లాలి. ఆరు నెలల చివరికి 100 దగ్గర టిక్కుకు నాలుగు దెబ్బల చొప్పున ఒక నిమిషం, చెయ్యి బిగుసుకోకుండా వాయించగలిగితే చాలా మంచి ప్రగతి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ ఇరవై ఐదు నిమిషాలు ఎన్నో రెట్లు మేలు. చేతులు నేర్చుకున్నది నిద్రలో స్థిరపడుతుంది, అందుకు వారంలో ఏడు రాత్రులు ఉండాలి.

కాళ్లకు మొదట పెడలు అక్కర్లేదు. స్టూలు ఎత్తు తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా కిందికి వాలేంత ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, సీటు వెనక్కి వాలి నడుము వంగిపోతుంది, చేతులు మోచేతులకు అడ్డం. చెప్పులు వేసుకుని నేల మీద కుడికాలు ఒకటికి, మూడుకు, ఎడమకాలు రెండుకు, నాలుగుకు. పైన చేతులు సింగిల్ స్ట్రోక్. పది రోజుల్లో కాళ్లు మాట వింటాయి.

మూడో నెలలో అప్పుడప్పుడు నిజమైన కిట్టు మీద కూర్చోవాలి. మన రెండు జిల్లాల్లో ఎక్కువమందికి కిట్టు దొరికే చోటు చర్చి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో మొదలైంది, తర్వాత ఒంగోలు చుట్టూ పల్లెపల్లెకూ చర్చి పాట చేరింది. ఇవాళ చిన్న ఊరి ప్రార్థన మందిరంలో కూడా కీబోర్డు పక్కన డ్రమ్స్ కనిపిస్తాయి. పెద్దల అనుమతి తీసుకుని వారం మధ్యలో అరగంట అడగండి. సీటు, స్టాండ్ల ఎత్తు మార్చితే వెళ్లేముందు మళ్లీ ఎలా ఉన్నవాటిని అలా పెట్టి రావాలి. ఆ ఒక్క మర్యాద పాటిస్తే రెండోసారి కాదనరు.

అక్కడ మొదటి పాఠం ఫోర్-ఫోర్, అంటే నాలుగు లెక్కల బీటు. హై-హ్యాట్ మీద కుడిచేతితో ఎనిమిది దెబ్బలు, నోటితో తకధిమి తకధిమి. ప్రతి తకధిమిలోనూ ‘త’ దగ్గర కుడికాలి పెడలుతో బేస్ డ్రమ్ (నేల మీది పెద్ద డ్రమ్ము), ‘ధి’ దగ్గర ఎడమచేతితో స్నేర్. ముందు హై-హ్యాట్ ఒక్కటే రెండు నిమిషాలు, తర్వాత స్నేర్ చేర్చి రెండు నిమిషాలు, ఆ తర్వాతే బేస్ డ్రమ్. మూడూ ఒకేసారి మొదలుపెడితే కాలు చేతిని లాగేస్తుంది. సిక్స్-ఎయిట్‌కు, అంటే ఆరు లెక్కల బీటుకు, నోటితో తకిట తకిట, మొదటి ‘త’కు బేస్ డ్రమ్, రెండో ‘త’కు స్నేర్, చెయ్యి ఆరు దెబ్బలూ ఆపదు. ఇంట్లో నోటితో చేసిన పని ఇక్కడ ఫలిస్తుంది. అది చేయనివాడికి ఈ పాఠానికి నెల పడితే, చేసినవాడు ఒకటి రెండు పూటల్లో పట్టేస్తాడు.

తప్పు వచ్చేది ఎక్కువగా కాలు దగ్గర. హై-హ్యాట్, బేస్ డ్రమ్ రెండూ ఒకే క్షణంలో పడాల్సిన చోట ‘ధడ్’ అని ఒక మోతకు బదులు ‘తధడ్’ అని రెండు వినిపిస్తాయి. అప్పుడు బీటు మొత్తం వదిలేసి ఆ ఒక్క ‘త’ మాత్రమే, కాలూ చెయ్యీ కలిపి ఒక దెబ్బ, ఆగి, మళ్లీ ఒక దెబ్బ, ఇరవైసార్లు. స్నేర్ కొట్టేటప్పుడు పై చేతి కర్ర, కింది చేతి కర్ర ఢీకొంటే హై-హ్యాట్‌ను స్నేర్ కన్నా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తులో ఉంచండి. ఇంకో రోగం ఫిల్లులు. పాటలో చరణం మారేచోట డ్రమ్ములన్నీ ఒకసారి చుట్టి క్రాష్ అనే పెద్ద తాళం కొట్టాలన్న ఉత్సాహంలో అక్కడే వేగం పెరుగుతుంది, పాడేవాళ్లు పరుగెత్తాల్సి వస్తుంది. ఫిల్లు సమయంలో కూడా నోరు తకధిమి ఆపకూడదు. మొదటి ఏడాది ఫిల్లు ఒక్క తకధిమికి మించకపోతే పాట బాగుంటుంది.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలకు వస్తాను. చర్చిలో ఎంతోమంది కుర్రాళ్లు ప్యాడ్ ముట్టకుండా నేరుగా కిట్టు మీదే నేర్చుకుని బ్రహ్మాండంగా వాయిస్తున్నారు కదా అంటారు. నిజమే. కానీ ఆ కుర్రాడు నడక వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం రెండు గంటలు చప్పట్లు కొడుతూ పాడుతూ కూర్చున్నాడు. నోటి మెట్టు అతనికి పదేళ్లు నడిచింది, ఎవరూ దాన్ని పాఠం అనలేదు అంతే. చేతుల మెట్టు దాటేసిన లోటు మాత్రం అతనిలో కనిపిస్తుంది. మెల్లని పాటలకు హాయిగా ఉంటాడు, వేగం పెరిగితే ముంజెయ్యి పట్టేస్తుంది, చిన్న శబ్దంతో వాయించమంటే చేతకాదు. ఆ వయసులో పట్టు మార్చుకోవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడమే.

ప్యాడ్ మీద ఆరు నెలలంటే పిల్లలు విసిగిపోతారని రెండో మాట. విసుగు తగ్గించే దారులున్నాయి. రోజూ చివరి ఐదు నిమిషాలు వాళ్లకిష్టమైన పాట పెట్టి దానితోపాటు ప్యాడ్ మీద వాయించనివ్వండి. వారానికోసారి కిట్టు ఉండనే ఉంది. అయినా మూడు నెలలకు మానేస్తే, పోయింది రెండు మూడు వేలు. ఏడెనిమిదేళ్లు రానివాళ్లకు ప్యాడ్ కూడా తొందరే, వాళ్లకు చప్పట్లూ తకధిమి జతులూ చాలు.

చెవుల విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. దగ్గరగా కూర్చుని వాయిస్తే స్నేర్, క్రాష్ మోత 100 డెసిబెల్స్ తేలిగ్గా దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పదిహేను నిమిషాలే. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు చాలు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. దూది పనికిరాదు. మనవి సిమెంటు శ్లాబు, టైల్స్ వేసిన గదులు, మోత గోడలకు కొట్టుకుని రెట్టింపవుతుంది. బొంతలు, మందపాటి కర్టెన్లు వేలాడదీస్తే గదిలో మోత తగ్గుతుంది కానీ పక్కింటికి వెళ్లేది ఆగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఏ కిట్టూ ఆ హద్దులో ఉండదు. పొరుగువాళ్లతో ముందే మాట్లాడి ఒక సమయం ఒప్పుకోవడమే దారి.

మాస్టారిని ఎంచుకునేటప్పుడు క్లాసుకు వెళ్లి ఒకసారి కూర్చుని చూడండి. మొదటి నాలుగు క్లాసులూ ప్యాడ్ మీదే నడిపేవాడు, విద్యార్థి పట్టును వేళ్లతో ముట్టి సరిచేసేవాడు, మెట్రోనోమ్ లేకుండా వాయించనివ్వనివాడు మంచి మాస్టారు. మొదటి రోజే పాట నేర్పిస్తానన్న చోట డబ్బు కట్టకండి. యూట్యూబ్ బీట్లకు పనికొస్తుంది, పట్టు సరిచేయలేదు. ఫోన్‌ను పక్క నుంచి పెట్టి మీ చేతులు వీడియో తీసుకుని వారానికోసారి చూసుకుంటే కొంత మేలు. లండన్ ట్రినిటీ కాలేజీ నడిపే గ్రేడ్ పరీక్షలు ఇనీషియల్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి. మొదటి ఏడాది సర్టిఫికెట్ కోసం పరుగెత్తితే మూడు పాటలు వస్తాయి, నాలుగోది రాదు.

ఆరో నెల దాటి, చెయ్యీ నోరూ కుదిరాక కిట్టు కొనండి. అపార్టుమెంటులో ఉండేవాళ్లకు ఎలక్ట్రానిక్ కిట్టు. హెడ్‌ఫోన్స్ ఉన్నా కాలి పెడలు తాకిడి శ్లాబులోంచి కింది ఇంటికి దిగుతుంది, అడుగున మందపాటి రబ్బరు పలకలు పరచాలి. దాని మెష్ తలలు (తల అంటే దెబ్బ పడే పొర, ఇక్కడ వల లాంటిది) కర్రను మామూలు డ్రమ్ కన్నా ఎక్కువగా ఎగరేస్తాయి, అందుకని ప్యాడ్ సాధన మానకూడదు. అసలు డ్రమ్ములే కావాలంటే సెకండ్ హ్యాండ్ మంచిది. నెల్లూరు వాళ్లకు చెన్నై, ఒంగోలు వాళ్లకు విజయవాడ దగ్గర. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు వైపులకూ దారే. వెళ్లేటప్పుడు మీ స్టిక్స్, చెవి ప్లగ్గులు పట్టుకెళ్లండి.

పాత కిట్టులో ముందు తాళాలు చూడాలి, అంటే హై-హ్యాట్, క్రాష్, రైడ్. అంచున గోరు నడిపితే చీలిక తగులుతుంది. నడిమి రంధ్రం గుండ్రంగా లేక తాళంచెవి కన్నంలా సాగి ఉంటే వదిలేయండి, ఆ చీలిక పెరుగుతూనే ఉంటుంది. డ్రమ్ము తల విప్పించి చెక్క అంచు మీద వేలు తిప్పండి, గుంటలు, పెచ్చులు ఉంటే ఆ డ్రమ్ము ఎప్పటికీ శ్రుతి నిలపదు. ప్రతి బోల్టూ తిరుగుతోందా, స్నేర్ పక్కనున్న మీట తీగలను పట్టి వదులుతోందా చూడండి. పాత తలలు చిరిగినా దిగులు లేదు, మార్చుకోవచ్చు. సీటు కదలకూడదు. సీటు ఊగితే నడుము నొప్పి ఖాయం, దాని మీద మాత్రం పొదుపు చేయవద్దు.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లకు, అసలు మన రెండు జిల్లాల తూర్పు భాగం మొత్తానికీ ఉప్పుగాలి బెడద ఉంది. డప్పు తోలు తేమకు వదులవుతుంది కనుక మంట దగ్గర కాస్తారు. డ్రమ్ కిట్టు తలలు పాలియెస్టర్, తేమకు అంతగా మారవు. తుప్పు పట్టేది ఇనుము. ఏడాదికి రెండుసార్లు, ముఖ్యంగా అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేముందు, బోల్టులన్నీ విప్పి తుడిచి సన్నగా వాసెలిన్ పూసి బిగించండి. పెడలు స్ప్రింగుకు ఒక చుక్క మిషను నూనె. వాయించాక తాళాల మీది చెమట వేలిముద్రలు పొడిగుడ్డతో తుడవాలి.

తల బిగించేటప్పుడు బోల్టులన్నీ మొదట వేళ్లతో తిరిగినంత. ఆ తర్వాత బోల్టు తిప్పే కీతో ఒకదానికి అర చుట్టు, వెంటనే దానికి ఎదురుగా ఉన్నదానికి అర చుట్టు, అలా నక్షత్రం గీసినట్టు. ముడతలు పోయాక పావు చుట్టు చొప్పున. వరసగా పక్కపక్కవి బిగిస్తే తల ఒకవైపు లాగి, ఎంత తిప్పినా మోత పగిలినట్టే ఉంటుంది. ప్రతి బోల్టు దగ్గరా అంచుకు అంగుళం లోపల మెల్లగా తట్టి వినండి, అన్నిచోట్లా ఒకే శ్రుతి రావాలి. బేస్ డ్రమ్ము లోపల చిన్న దిండు ముందు తలకూ వెనక తలకూ తాకేలా పెడితే గుమ్మని మోగి ఆగుతుంది. అన్నీ అమర్చాక కింద పాత కార్పెట్ ముక్క పరిచి, ప్రతి స్టాండు కాలు ఎక్కడ ఆనిందో టేపుతో గుర్తు వేయండి. ఊడ్చినప్పుడు జరిపినా, పండక్కి చుట్టాలొచ్చి ఎత్తి మూల పెట్టినా మళ్లీ అదే చోట కూర్చుంటుంది.